మేడ మీద గది… యాప్‌లో పెడదామా?

పై వాటా ఖాళీ అవగానే గేటుకి టూలెట్ బోర్డు కట్టేవాళ్లం. ఇప్పుడు నాలుగు ఫొటోలు తీసి యాప్‌లో పెడితే రాత్రికి రెండు వేలొస్తాయని హైదరాబాద్ తార్నాక ఇళ్లల్లో లెక్కలు నడుస్తున్నాయి. ఏసీ బిగించే ముందు అడగాల్సిన వాళ్లని అడిగితే ఆ లెక్క ఏమవుతుంది?

2018 జనవరి 3 నుంచి 7 వరకు పక్కనే ఉన్న ఉస్మానియా క్యాంపస్‌లో 105వ ఇండియన్ సైన్స్ కాంగ్రెస్ జరగాల్సింది. ఆనవాయితీగా ప్రధాని వచ్చి ప్రారంభించే సభ, దేశం నలుమూలల నుంచి శాస్త్రవేత్తలు, పరిశోధక విద్యార్థులు దిగే సందడి. తార్నాకలో ఖాళీ గది ఉన్నవాడికి అంతకన్నా ఏం కావాలి? డిసెంబరులో క్యాంపస్ వేడెక్కింది. ఒక విద్యార్థి ఆత్మహత్య, దాని వెంట ఆందోళనలు. ఈ పరిస్థితిలో సభ జరపలేమని విశ్వవిద్యాలయం చేతులెత్తేసింది. చివరికి అది మార్చి 16న ఇంఫాల్‌లో, మణిపూర్ విశ్వవిద్యాలయంలో మొదలైంది. జనవరి మొదటి వారాన్ని నమ్ముకుని ఈ వీధుల్లో ఎవరైనా గదికి రంగులు వేయించి ఉంటే, ఆ ఖర్చు సైన్స్ ఖాతాలో రాసుకోవాల్సిందే.

పెద్ద సభనో పెద్ద మ్యాచ్‌నో చూసి గది పెట్టాలనుకునేవాళ్లు ముందు తేల్చుకోవాల్సిన సంగతి ఒకటుంది. తార్నాకకి అసలు ఎవరొస్తారు?

సెలవులు గడపడానికైతే ఎవరూ రారు. ఆర్ట్స్ కాలేజీ చూడ్డానికి వస్తారు. బెల్జియం ఆర్కిటెక్ట్ ఎర్నెస్ట్ జాస్పర్ గీసిన ఆ గులాబీ రంగు గ్రానైటు భవనాన్ని 1939 డిసెంబరు 4న ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ప్రారంభించాడు. మెట్ల మీద ఫొటో దిగుతారు, పెళ్లికి ముందు వీడియో తీయించుకుంటారు, ఎంఎంటీఎస్ ఎక్కి వెళ్లిపోతారు. చార్మినార్ చూసే యాత్రికుడు అబిడ్స్‌లోనో నాంపల్లిలోనో దిగుతాడు. సాఫ్ట్‌వేర్ పని మీద వచ్చినవాడికి గచ్చిబౌలి దాటి ఇటు రావాల్సిన అవసరం లేదు. 2017 నవంబరులో నాగోల్ మెట్రో మొదలై, 2019 చివరికల్లా రాయదుర్గం చేరింది కాబట్టి తార్నాకలో పడుకుని హైటెక్ సిటీలో పని చూసుకోవచ్చన్న మాట నిజమే. అయితే అలా ఆలోచించేది నెల అద్దె చూసుకునే ఉద్యోగి. రెండు రాత్రుల అతిథి అంత దూరం ఆలోచించడు.

ఇక్కడికి వచ్చేవాళ్లందరికీ ఒక పనుంటుంది, చేతిలో ఒక తేదీ ఉంటుంది. ఐఐసీటీ, సీసీఎంబీ, ఎన్‌జీఆర్‌ఐ లాంటి పరిశోధన సంస్థలు, జాతీయ పోషకాహార సంస్థ, ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం ఇఫ్లూ, వీటన్నిటికీ నడుమ ఉస్మానియా. ఒక మెట్రో లైను మీద మూడు నాలుగు స్టేషన్ల దూరంలో ఇన్ని పెద్ద సంస్థలు దేశంలో ఎన్నిచోట్ల ఉంటాయి? వాటి చుట్టూ వైవాకి వచ్చే ప్రొఫెసరు, ప్రాజెక్టు చేసుకోవడానికి వచ్చే ఎమ్మెస్సీ అమ్మాయి, శిక్షణకొచ్చిన విదేశీ టీచరు. ఆర్టీసీ ఆసుపత్రికి జిల్లాల నుంచి డ్రైవరన్నలు, కండక్టరమ్మలు, వాళ్ల వెంట ఇంట్లో వాళ్లు.

ఇంతమంది వస్తున్నారు కదా అని అంత గిరాకీ ఉందనుకుంటే పొరపాటు. వైవా ప్రొఫెసరుకి విశ్వవిద్యాలయం గెస్ట్‌హౌస్ ఉంది. పరిశోధన సంస్థలకీ సొంత గెస్ట్‌హౌస్‌లున్నాయి. వాటి ధరతో ఇంటి యజమాని పోటీ పడలేడు. ఆసుపత్రికి వచ్చినవాళ్లు రాత్రికి రెండు వేలు పెట్టరు, వరండాలో దుప్పటి పరుచుకుంటారు. ఇక గ్రూప్స్ పరీక్షకి నల్గొండ నుంచో పాలమూరు నుంచో వచ్చే కుర్రాడున్నాడు. అతనికి క్యాంపస్ హాస్టల్లో ఒక అన్న ఉంటాడు. తోడబుట్టినవాడు కాదు, ఊరి అన్న.

‘అన్నా, ఆదివారం ఎగ్జామ్ ఉంది. శనివారం వస్తున్న.’

‘రా తమ్మీ, చాప ఉంది.’

క్యాంపస్ భాషలో ఆ తమ్ముడు నాన్‌బోర్డర్. హాస్టల్లో సీటుండదు, మకాం మాత్రం అక్కడే. వీళ్లని పంపించేయాలని అధికారులు ఏళ్ల తరబడి తనిఖీలు చేస్తూనే ఉన్నారు, చాపలు పడుతూనే ఉన్నాయి. తార్నాక ప్రాంతంలో అన్నిటికన్నా పాత హోమ్‌స్టే ఇదే. దీనికి అద్దె లేదు, రేటింగూ లేదు.

ఎంట్రన్సు కౌన్సెలింగుల కాలం కూడా పోయింది. తండ్రీకూతుళ్లు సర్టిఫికెట్ల ఫైలు పట్టుకుని తెల్లవారుజామునే దిగే రోజులుండేవి. వెబ్ ఆప్షన్లు వచ్చాక ఆ పని చాలావరకు ఊళ్లో ఇంటర్నెట్ సెంటర్లోనే అయిపోతోంది.

మరి డబ్బులిచ్చి రాత్రులు ఉండేదెవరు? కుటుంబాలు. అమెరికా నుంచి కొడుకూ కోడలూ పిల్లలతో వస్తారు. అమ్మానాన్నల రెండు గదుల ఫ్లాటు చాలదు, పక్క వీధిలో ఏసీ గది ఉంటే హాయి. పెళ్లికొచ్చిన మేనత్తలకి, పెద్దమ్మలకి హోటలు గదుల్లో తోచదు, నలుగురూ ఒకచోట కూర్చుని మాట్లాడుకోవడానికి హాలు కావాలి. ఈ గిరాకీ నికరమైనది. అయితే దాని క్యాలెండరు పంచాంగంలో ఉంటుంది. శ్రావణం, మాఘం, వైశాఖం నిండుతాయి. ఆషాఢంలోనూ మూఢంలోనూ గది మీది మీకే. డిసెంబరు సగం నుంచి జనవరి మొదటి వారం దాకా విదేశాల వాళ్లు వస్తారు. సంక్రాంతికి ఈ కాలనీలే ఖాళీ అయిపోతాయి, అతిథుల సంగతి చెప్పనక్కర్లేదు. యాప్‌లు తిరగేసే ముందు హబ్సిగూడ, లాలాపేట వైపు ఫంక్షన్ హాళ్లకి వెళ్లి మేనేజరు దగ్గరుండే బుకింగ్ పుస్తకం చూడండి. ఏ నెలలో ఎన్ని పేజీలు తెల్లగా ఉన్నాయో చూస్తే చాలు, మీ గది జాతకం తెలిసిపోతుంది.

ఉప్పల్ స్టేడియం దగ్గరే కదా, ఐపీఎల్ ఉంది కదా అంటారు. సీజనంతా కలిపి సొంతగడ్డ మీద ఏడు మ్యాచ్‌లు. చూసేవాళ్లలో ఎక్కువమంది నగరంలోనే ఉంటారు, మ్యాచ్ అయ్యాక మెట్రో ఎక్కి ఇంటికి పోతారు. ఏడు రాత్రులని నమ్ముకుని ఏడాది వ్యాపారం పెట్టలేం.

యాప్‌లో గిరాకీ చదవడం కూడా ఒక విద్య. తార్నాక, హబ్సిగూడ పేర్లతో వెతికితే కొన్ని ఇళ్లు కనిపిస్తాయి. తేదీలు బూడిద రంగులో ఉంటే నిండిపోయాయనుకుంటాం. చాలాసార్లు అవి యజమాని తనకోసం ఆపుకున్న రోజులు, లేదా విసుగొచ్చి మూసేసిన నెలలు. నమ్మదగ్గవి రివ్యూల తేదీలు. ఏడాదిలో ఎన్ని రివ్యూలు పడ్డాయి, ఏ నెలల్లో పడ్డాయి, రాసినవాళ్లు ఎందుకొచ్చామని చెప్పారు అన్నది ఒక కాగితం మీద రాసుకోండి. అందరూ రివ్యూ రాయరు నిజమే, కానీ ఆరు నెలలు ఒక్కటీ పడలేదంటే గది ఊరికే ఉందనే అర్థం. ధర కూడా ఆదివారం నాడు చూస్తే చాలదు. ముహూర్తం ఉన్న రోజొకటి, ఆషాఢంలో మంగళవారం ఒకటి తీసుకుని పోల్చాలి.

ఇప్పుడు లెక్కకొద్దాం. ఇవి నేను ఉదాహరణకి వేసుకున్న అంకెలు, మీ వీధికి తగ్గట్టు మార్చుకోండి. నెలకి 20 వేల అద్దె వచ్చే ఫ్లాటు ఉందనుకుందాం. రాత్రికి రెండు వేలకి ఇస్తారు. యాప్ కమీషన్ కింద మూడు వందలు తీసేయండి. అతిథి మారినప్పుడల్లా దుప్పట్లు ఉతికించడం, శుభ్రం చేయించడం, సబ్బులు, నీళ్ల డబ్బా కలిపి 350. సగటున రెండు రాత్రులుంటారనుకుంటే రాత్రికి 175 పడుతుంది. ఏసీ కరెంటు 150. చేతికి మిగిలేది 1,375. మామూలుగా అద్దెకున్నవాళ్లు కట్టుకునే అపార్ట్‌మెంట్ మెయింటెనెన్సు ఇప్పుడు మీ నెత్తిన పడుతుంది. వైఫై బిల్లు, పరుపూ సోఫా అరుగుదల కూడా కలిపితే నెలకి 5,700 అనుకోండి. అంటే పాత 20 వేలు తిరిగి రావడానికే నెలకి 19 రాత్రులు నిండాలి. ఇరవయ్యో రాత్రి నుంచి లాభం. పైన చెప్పిన పంచాంగం పక్కన పెట్టుకుని చూస్తే, ఏడాది పొడవునా నెలకి 19 రాత్రులు నింపడం తార్నాకలో గొప్ప సంగతే.

ఇదే లెక్క సొంతింటి మేడ మీద గదికి వేసి చూడండి. కింద మీరుంటున్నారు, పైగదిని ఎవరికో ఏళ్ల తరబడి అద్దెకివ్వడం ఇష్టం లేక ఖాళీగా ఉంచారు. దానిమీద పోగొట్టుకునే అద్దె లేదు. నెలకి ఆరేడు రాత్రులు వచ్చినా మిగులే. దూరాన ఉన్న ఫ్లాటుకీ, మీరుంటున్న ఇంటికీ ఉన్న ఈ తేడా లెక్కలతో ఆగదు. నిబంధనల్లోనూ అదే గీత కనిపిస్తుంది.

కేంద్ర పర్యాటక శాఖకి బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్, హోమ్‌స్టే పథకం ఒకటుంది. ఒక గది నుంచి ఆరు గదుల వరకు, పన్నెండు పడకలు మించకుండా గోల్డ్, సిల్వర్ గుర్తింపు ఇస్తారు. మొదటి షరతు యజమాని కుటుంబంతో సహా ఆ ఇంట్లోనే ఉండాలి. న్యూయార్క్ నగరం 2023 సెప్టెంబరు నుంచి అమలుచేస్తున్న చట్టం సారాంశమూ ఇంతే: 30 రోజుల లోపు అతిథిని పెట్టుకుంటే ఇంటాయన అక్కడే ఉండాలి, ఇద్దరికి మించి పెట్టుకోకూడదు. అక్కడి నదికి అవతలి ఒడ్డున, మనవాళ్లు బాగా స్థిరపడ్డ జెర్సీ సిటీలో 2019 నవంబరులో ఏకంగా ఓటింగే పెట్టారు. యజమాని లేని ఇంటికి ఏడాదిలో 60 రాత్రులే అన్న నియమం పెద్ద మెజారిటీతో గెలిచింది. బార్సిలోనా అయితే 2028 నాటికి పది వేలకి పైగా ఉన్న పర్యాటక ఫ్లాట్ల లైసెన్సులన్నీ రద్దవుతాయని ప్రకటించేసింది. అక్కడి గొడవ స్థానికులకి ఇళ్లు దొరక్కపోవడం. తార్నాకకి ఇంకా ఆ బాధ రాలేదు. ఇక్కడ గొడవ వాచ్‌మన్‌తో మొదలవుతుంది.

‘సార్, పొద్దుగాల ఒకరు, రాత్రికి ఇంకొకరు. ఎవర్ని ఆపాలె, ఎవర్ని పంపాలె?’

ఆ ప్రశ్న అక్కణ్నుంచి అసోసియేషన్ సెక్రటరీ దగ్గరికి పోతుంది. ఆయన రిటైర్డ్ ఉద్యోగి, ఓపిక ఎక్కువ, తీరిక ఇంకా ఎక్కువ. ‘ఏమండీ, మన అపార్ట్‌మెంట్‌ని లాడ్జి చేస్తారా?’ అని జనరల్ బాడీలో లేస్తాడు. చట్టాల కన్నా ముందు వ్యాపారాన్ని మూయించేది ఆయనే. ఆయన్ని తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు. లిఫ్టులో రోజుకో కొత్త మొహం, అర్ధరాత్రి పార్కింగ్ గొడవ, పై అంతస్తులో పాటలు భరించేది ఆయనే కదా, డబ్బులు మాత్రం డాలస్‌లో ఉన్న ఓనరుకి పోతాయి. కాబట్టి అపార్ట్‌మెంట్ ఫ్లాటైతే మొట్టమొదట చదవాల్సింది అసోసియేషన్ బైలాస్. నివాసానికి మాత్రమే అని ఉంటే అక్కడే ఆగిపోవడం మంచిది. లేదంటే మీటింగ్‌లో పెట్టి, తీర్మానం రాయించి, కాపీ తీసుకోవాలి. సెక్రటరీ నోటిమాట వచ్చే ఎన్నికల దాకానే. అద్దెకున్న ఇంటినే మళ్లీ యాప్‌లో పెట్టాలనుకునే కుర్రాళ్లకి ఓనరు రాతపూర్వక అనుమతి తప్పనిసరి. క్యాంపస్ క్వార్టర్లలో ఉండే ఉద్యోగులైతే ఈ ఆలోచనే పెట్టుకోవద్దు, ఇల్లు సంస్థది.

ఆఫీసుల సంగతి. ఇది ఒక్క కౌంటర్‌లో తేలే పని కాదు. నగరపాలక సంస్థలో రెండు బల్లలు. ఒకటి ట్రేడ్ లైసెన్సు, దాని రుసుము రోడ్డు వెడల్పునీ మీ విస్తీర్ణాన్నీ బట్టి ఉంటుంది. రెండోది ఆస్తి పన్ను. నివాసానికి అద్దె విలువను బట్టి 17 నుంచి 30 శాతం దాకా స్లాబులున్నాయి, వాణిజ్యానికి నేరుగా 30 శాతం. అసలు తేడా శాతంలో కాదు, చదరపు అడుగుకి కట్టే అద్దె విలువలో ఉంటుంది. మీ గదిని ఏ పద్దు కింద చూస్తారో కాగితం మీద అడిగి, కాగితం మీదే జవాబు తీసుకోండి.

కరెంటు మీటరు చాలామందికి తట్టదు. ఇంటి కనెక్షన్ మొదటి కేటగిరీ, వాణిజ్యం రెండో కేటగిరీ. ఇంటి మీటరు మీద లాడ్జింగ్ నడుపుతున్నారని తనిఖీలో తేలితే 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షన్ కింద టారిఫ్‌కి రెట్టింపు వేస్తారు. ఎప్పట్నుంచి నడుపుతున్నారో తేలకపోతే పన్నెండు నెలల వెనక్కి కూడా పోవచ్చు. నెలకి ఆరేడు రాత్రుల వ్యవహారానికి అంత దూరం వెళ్తారా అంటే, పక్కింటాయన ఫిర్యాదు చేస్తే వెళ్తారు. పొద్దున ఇడ్లీ పెడతామంటే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ కూడా చూసుకోవాలి.

జీఎస్టీ ఈ మధ్య తేలికైంది. 2022 జులైకి ముందు రోజుకి వెయ్యి లోపు గదులకి పన్ను లేదు. ఆ తర్వాత 12 శాతం పడింది. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకి 7,500 వరకు ఉన్న గదులకి 5 శాతమే, ఇన్‌పుట్ క్రెడిట్ మాత్రం ఉండదు. ఏడాది రాబడి 20 లక్షలు దాటని చిన్న యజమాని నేరుగా ఇస్తే రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. యాప్ ద్వారా ఇస్తే ఆ పన్ను యాప్ కంపెనీయే కట్టాలి. ఆదాయపు పన్నులో ఇంకో మెలిక ఉంది. మామూలు ఇంటి అద్దె మీద 30 శాతం మినహాయింపు బిల్లులేవీ అడక్కుండానే వస్తుంది. దుప్పట్లు మార్చి, టిఫిన్ పెట్టి రాత్రి లెక్కన ఇచ్చేదాన్ని వ్యాపార ఆదాయంగా చూస్తే ఆ మినహాయింపు పోయి, ప్రతి ఖర్చుకీ బిల్లు చూపించాల్సి వస్తుంది.

పోలీసుల విషయంలో మాత్రం అశ్రద్ధ పనికిరాదు. మొదటి అతిథి రాకముందే ఉస్మానియా యూనివర్సిటీ పోలీస్ స్టేషన్‌కి వెళ్లి ఫలానా ఇంట్లో అతిథుల్ని పెట్టుకుంటున్నామని తెలియజేసి రావడం మేలు. ఇంట్లో ఒక లాంగ్ నోట్‌బుక్ పెట్టండి. పేరు, ఊరు, ఫోను, ఎవరి కోసం వచ్చారు, వచ్చిన టైము, వెళ్లిన టైము, సంతకం. గుర్తింపు కార్డు ఒకరిది కాదు, గదిలో ఉండే ప్రతి ఒక్కరిదీ చూడాలి. విదేశీయులైతే నోట్‌బుక్ చాలదు. 2025 సెప్టెంబరు 1న అమల్లోకొచ్చిన ఇమ్మిగ్రేషన్, విదేశీయుల చట్టం ప్రకారం వాళ్లు దిగిన 24 గంటల్లో ఆన్‌లైన్‌లో వివరాలు పంపాలి. పాతకాలం హోటళ్ల వాళ్లు ఫారం సీ అనేవారే, అది ఇప్పుడు ఫారం 3 అయింది. ఇక్కడ మనవాళ్లు పప్పులో కాలేసే చోటొకటుంది. ఇఫ్లూకి వచ్చిన ఆఫ్రికా విద్యార్థి తండ్రి విదేశీయుడని అందరికీ తోస్తుంది. అమెరికాలో పుట్టి, నీలం పాస్‌పోర్టుతో పిన్ని కూతురి పెళ్లికొచ్చిన మన పిల్లవాడు కూడా చట్టం దృష్టిలో విదేశీయుడే, ఓసీఐ కార్డున్నా సరే. డిసెంబరు గిరాకీ అంతా వీళ్లదే కాబట్టి విదేశీయుల నమోదు కార్యాలయం (ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓ) వెబ్‌సైట్‌లో ముందుగా రిజిస్టరు చేసుకోకుండా గది తెరవకూడదు.

ఇవన్నీ చూశాక చాలామంది ‘ఇంత తలనొప్పెందుకు, హాస్టలు వాళ్లకి లీజుకిచ్చేద్దాం’ అంటారు. దానికీ రాత్రి లెక్కకీ మధ్యలో ఇంకో దారుంది. తార్నాకకి నప్పేది అదేనని నా అభిప్రాయం. ఇక్కడి గిరాకీ నెలల్లో ఉంది. ఆఖరి సెమిస్టరు ప్రాజెక్టుకి వచ్చే ఎమ్మెస్సీ, బయోటెక్నాలజీ పిల్లలు సీసీఎంబీ, ఐఐసీటీల చుట్టూ మూడు నుంచి ఆరు నెలలు ఉండాలి. ఎండాకాలం సెలవులకి క్యాంపస్ హాస్టళ్లు, మెస్‌లు మూస్తామనడం, పోటీ పరీక్షలకి చదివేవాళ్లు కుదరదని రోడ్డెక్కడం దాదాపు ఏటా చూసే తంతే. మూత పడ్డప్పుడు వాళ్లకి ఒక నెల గది కావాలి. కూతురు కాన్పుకి వచ్చిన తల్లిదండ్రులకి రెండు నెలలు కావాలి. వీళ్లకి పీజీలో ముగ్గురి మధ్య మంచం నచ్చదు, పదకొండు నెలల అగ్రిమెంటూ రెండు నెలల అడ్వాన్సూ కుదరవు. రాత్రికి రెండు వేలొచ్చే గదిని నెలకి 15 వేలకిచ్చినా దుప్పట్ల ఉతుకుడు, కమీషను తప్పుతాయి, లిఫ్టులో కొత్త మొహం నెలకొక్కటే. పన్నులోనూ వెసులుబాటుంది. మనిషికి నెలకి 20 వేలు మించకుండా, కనీసం 90 రోజులు ఏకధాటిగా ఉండేలా ఇస్తే 2024 జులై నుంచి జీఎస్టీ లేదు.

ప్రాజెక్టు పిల్లలైతే సంస్థ ఇచ్చిన లెటరు, గైడు పేరు అడిగి తీసుకోండి, ఇంట్లో వాళ్లతో ఒకసారి ఫోనులో మాట్లాడండి. బియ్యం వండుకునే వీలుంటుందా అన్నదే వాళ్ల మొదటి ప్రశ్న, కాబట్టి సోఫా మీద పెట్టే డబ్బు చిన్న ఇండక్షన్ స్టవ్ మీద పెట్టండి. జనవరిలో ప్రాజెక్టులు మొదలవుతాయి, గదుల వేట నవంబరులోనే మొదలవుతుంది. ఆ నెల దాటాక పెట్టిన ప్రకటన మళ్లీ మే దాకా పనికిరాదు.